కంచె కాసిన ఏడు

గింజలు ఎండబెట్టి, డబ్బాలో దాచి,
మంచిరోజు చూసి నాటితే
ఒక్కటీ మొలవలేదు.
మొగిలమ్మ నవ్వింది.
"కలేగింజకు ఓపిక తక్కవ తల్లీ,
నోట్లోంచి ఊసిన పూటే మట్టి సూపించల్ల.
పిట్టలకు తెలిసింది నీకు తెలీకపాయె."

అందుకని ఆ ఆషాఢంలో
పాకాల దాటి, రైలు కట్ట దాటి
వంక ఎగువన బోడిగుట్టకు ఆమె వెనకే నడిచాను,
చేతిలో సత్తుగిన్నె, నడుముకు గోనెపట్ట.
కలేకంపకు ముల్లు రెండుగా చీలి ఉంటుంది.
ఒకదాన్ని తప్పించుకుంటే
రెండోది పలకరిస్తుంది.
కోయడం కంటే ముందు
కొంగు విడిపించుకోవడం నేర్పింది:
"లాగొద్దు. ఎనక్కి పో. అదే ఇడుస్తుంది."

కొమ్మ కింద పండ్లు కౌజులకు,
పైకొసన ఉండేవి పిట్టలకు,
నడిమివి మనకు. అదీ ఆమె పంపకం.
మరి ఎలుగ్గొడ్డుకో అంటే
"వచ్చినప్పుడు అదే చెప్తాదిలే" అంది.

నల్లగా మాగిన పండు కూడా
తొడిమె దగ్గర చుక్క పాలు దాచుకుంటుంది.
పెదాలు అతుక్కుపోయి
పొద్దుగూకే దాకా ఇద్దరం
సగం సగం మాటలే మాట్లాడుకున్నాం.
దారిలో ఏదో ఎర్రగుత్తి చూపించి
"ఇది తినొచ్చా?" అంటే
చేతి మీద ఒక్కటేసింది.
పేరు చెప్పలేదు.
పేరు తెలిస్తే నోరూరుతుందంట.

ఆ రాత్రే పండ్లు పిసికి
గింజల తడి ఆరకముందే
మామిడితోట నాలుగు పక్కలా చాలు తీసి చల్లాను.
"దుడ్లిచ్చి ముళ్ళతీగ కొనేవాళ్ళను చూసినా గానీ
నీళ్ళు పోసి ముళ్ళు పెంచేదాన్ని చూళ్ళేదు"
అన్నాడు మా ఆయన చెంగల్రాయులు.
చిత్తూరు పోయి తీగచుట్ట ధర అడిగొచ్చి
మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొదటి ఏడు చిటికెనవేలంత.
రెండో ఏడు మేకలు మూతిపెట్టి, తుమ్మి, పోయాయి.
మూడో ఏడు
దానికి మొదట చిక్కింది నా చీరే.
లాగలేదు.

నాలుగో ఏడు మామిడి విరగకాసింది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
మూడు రాత్రులు ట్రాక్టరు మీదే పడుకున్నాడు,
జేబులో నూట నలభయ్యో టోకెను.
అడుగున తోతాపురి చెమ్మగిల్లి కారింది.
నాలుగో పొద్దు కిలోకు వాళ్ళు చెప్పింది విని
లోడు తిప్పుకొచ్చి వంకలో పోశాడు.
పది దినాలు
అన్నంలో కూడా అదే వాసన.

ఎవరూ చూడని పక్క
కంచె నల్లబడింది.
మందు కొట్టింది లేదు, మోటారు ఆడించింది లేదు.

మొదటి బస్సుకు తిరుపతి పోయాను.
బస్టాండు బయట గోనెపట్ట పరిచి
గలాసు ఇరవై అన్నాను.
ఇస్త్రీ చొక్కా పెద్దాయన ఒకడు
పండు సగం కొరికి, లోపల ఎరుపు చూసి
"పుంజు!" అని అరిచాడు నడిరోడ్డు మీద.
పక్కనున్నామెకు తెల్లగా పెట్ట వచ్చింది.
మళ్ళీ కొన్నారు, గెలవాలని.
అప్పు తీరలేదు.
బియ్యం వచ్చాయి, కరెంటు బిల్లు సగం కట్టాం.

ఇప్పుడు బోడిగుట్ట చుట్టూ
ఇనపకంచె వేశారు.
లోపల కలేపొదలు, బయట మొగిలమ్మ.
ఒకనాడు తెల్లారి
మా తోట బయట సత్తుగిన్నెతో నిలబడి ఉంది.
లోపలికి రమ్మంటే రాలేదు.
"లోపలి పక్క నీది, బయటి పక్క నాది" అంది.
కింది కొమ్మలు ఇద్దరం ముట్టలేదు.

ముళ్ళ సందులోంచి
పిడికిలి మూసి చెయ్యి చాపింది.
"కోడా, పుంజా?"

పెట్ట అన్నాను.
కొరికి చూపించింది,
పెదాలు అతుక్కున్న నవ్వుతో.
ఓడిపోయాను.